కుయ్‌ల ఇంటికి రెండో గుమ్మం

లిమా,
జూన్ 15, 1997

అక్కా,

నా ఉత్తరం చూసి ఎవరో పోయారనుకుని గుండె పట్టుకోకు. అందరం బాగానే ఉన్నాం. మూడు నెలలకోసారైనా రాయమని తిట్టావు కదా, ఇదిగో, ఐదో నెలలో రాస్తున్నాను.

ఇక్కడ చలికాలం వచ్చింది. మన కొండల చలి కాదు. వాన పడదు, ఎండ కాయదు, పొద్దస్తమానం సన్నటి తుంపర గాలిలో వేలాడుతూ ఉంటుంది. ఉతికిన బట్ట మూడు రోజులైనా ఆరదు. మీ మరిది చొక్కాలు గ్యాస్ పొయ్యి మీద పట్టుకుని ఆరబెడుతున్నాను. నిన్న ఒకటి చంక దగ్గర కాలింది. గాలి బాగా ఆడుతోందని తొడుక్కుపోయాడు మహానుభావుడు.

అసలు సంగతికొస్తాను. మా యేని బడిలో పండగ చేసి చీట్లు తీశారు. మన పిల్లకి బహుమతి తగిలింది. ప్లాస్టిక్ బకెట్టో నూనె సీసానో వస్తుందనుకుంటే, అట్టపెట్టెలో రెండు కుయ్‌లు వచ్చాయి. గుప్పెడంత పిల్లలు. ఒకటి దాల్చినచెక్క రంగు, ఇంకొకటి తెలుపు. వాటిని గినీపందులనాలని వాళ్ళ టీచరమ్మ చెప్పిందట. "ఇందులో పంది ఎక్కడుందే?" అన్నాను. "టీచర్ చెప్పింది, అంతే" అంది. కుయ్ కుయ్ మని పాపం అవే తమ పేరు చెప్పుకుంటుంటే మధ్యలో టీచరమ్మ ఎందుకో.

వాటిని ఎక్కడ ఉంచాలో తేలడం లేదు. మీ మరిది తెయోఫిలో మేడ మీద పెడదామంటాడు. అక్కడ పిల్లులు, పైగా ఈ తుంపర. పక్కింటి గ్లాడిస్ గారు పాత చిలకల పంజరం ఇస్తానంటోంది. రెండంతస్తులది, కింద నేల కూడా ఇనపచువ్వలే. ఇంట్లోనేమో సిమెంటు నేల, ముట్టుకుంటే మంచుగడ్డ. నాకు అమ్మ వంటిల్లే గుర్తొస్తోంది. పొయ్యి పక్కన మట్టి అరుగు, అరుగు కింద బొరియ, అందులోంచి ఇరవై ముక్కులు. నువ్విప్పుడు వండుకునే ఆ వంటింటి వెనక గోడకి, నేలకి జానెడెత్తున, ఎర్రమట్టితో అతికిన చోటొకటి ఉండేది, ఇంకా ఉందా? ఎండలో కూర్చుని దానికి మడమ ఆనించుకునేదాన్ని. ఎలుక కన్నం పూడ్చారనుకునేదాన్ని.

నీకు తెలిసినంతగా కుయ్‌ల సంగతి ఎవరికీ తెలీదు. ఎలాంటి ఇల్లు కట్టాలో రాయి. యేని ఆ అట్టపెట్టెని మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటోంది.

ఇంకో మాట. డిసెంబరు ఎనిమిదిన చర్చిలో యేనికి మొదటి సత్ప్రసాదం ఇస్తారు. జ్ఞానతల్లిగా దాని పక్కన నువ్వే నిలబడాలి. కాదనకు. ఇప్పటినుంచే బస్సుకి మనసు సిద్ధం చేసుకో.

నీ చెల్లెలు
నీల్డా

*

వాయ్లాపంప,
జూలై 6, 1997

నీల్డా,

నీ ఉత్తరం కుస్కో బస్సాఫీసులో పదకొండు రోజులు పడుకుని, ఎవరి ఉల్లిపాయల మూటలోనో ప్రయాణం చేసి వచ్చింది. చదువుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నీ మీద బెంగ అనుకునేవు, ఉల్లిపాయల ఘాటు.

చిలకల పంజరమా! ఆ గ్లాడిస్ గారిని ఇనపచువ్వల మీద చెప్పుల్లేకుండా ఒక పూట నిలబడమను. కుయ్ పాదం ఎంతుంటుంది? చువ్వల మధ్య దూరి విరుగుతుంది. మేడ వద్దు. సిమెంటు మీద ఉత్తగా వదలొద్దు. వంటింట్లోనే, పొయ్యికి దగ్గర్లో, గాలి తగలని మూల చూడు. గ్యాస్ పొయ్యికి పొగ రాదు, అదొక లోటు. పొగ ఉంటే పురుగు చేరదు. సరే, మీ లిమాలో పొగ కూడా కొనుక్కోవాలి కాబోలు.

అడుగున ఎండుగడ్డి మందంగా వెయ్యి, రోజూ తడిసింది తీసెయ్యి. అల్ఫాల్ఫా గడ్డి కోసిన పూట పెట్టకు, ఒక రోజు వాడనిచ్చి పెట్టు, లేకపోతే పొట్ట ఉబ్బి చస్తాయి. ఇల్లు పొట్టిగా, చీకటిగా ఉండాలి. గుమ్మం ఒక్కటే, నీ చెయ్యి మోచేతిదాకా దూరేంత. అమ్మ కట్టినట్టే. అంతకంటే ఎక్కువ పెట్టావంటే పట్టుకోవడం కష్టం.

ఇప్పటినుంచి మేపితే డిసెంబరుకి ఒక్కోటి పళ్ళెం నిండుతుంది. జ్ఞానతల్లి ముందు ఏం పెట్టాలో లిమా పోయినా మా చెల్లి మర్చిపోలేదు. చీటీలో రావడం దేవుడు చూపించిన దారి. వస్తాను. లంగాకి ఊలుగుడ్డ కూడా చూసి పెట్టుకున్నాను, నేరేడుపండు రంగు.

గోడ అతుకు గురించి రాశావు. పాత గోడలకి అతుకులుండవా ఏమిటి.

మీ అక్క
సతుర్నీనా

*

లిమా,
ఆగస్టు 3, 1997

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఇల్లు లేచింది. తెయోఫిలో ఆపిల్ పండ్ల పెట్టె బోర్లించి, పైన మట్టి మెత్తి, ముందు గుమ్మం కోశాడు. మోచేతిదాకా చెయ్యి పెట్టి కొలత చూసుకున్నాడు కూడా. అందులో ఇంకా ఎవరూ కాపురం పెట్టకముందే యేని తల దూర్చి ఇరుక్కుంది. నూనె రాసి లాగాం. నువ్వుంటే నవ్వలేక చచ్చేదానివి.

పిల్ల వాటికి పేర్లు పెట్టింది. ఎర్రది కనేలా, తెల్లది మోతె. ఉడికిన మొక్కజొన్న గింజలా ఉందని ఆ పేరు. బడినుంచి రాగానే సంచి ఒక మూల, చెప్పులు ఒక మూల విసిరేసి వాటి ముందు బోర్లా పడుకుంటుంది. పాత పళ్ళ బ్రష్‌తో దువ్వుతుంది. నిరుడు వాళ్ళ నాయనమ్మ పోయినప్పటినుంచి ఇంట్లో మూగదానిలా తిరిగేది కదా, ఇప్పుడు వాటితో గంటలు గంటలు మాట్లాడుతోంది. బడిలో జరిగినవన్నీ నాకు వాటి ద్వారానే తెలుస్తున్నాయి. వంకాయలు తరుగుతున్నట్టు నటిస్తూ వింటుంటాను.

కానీ అవి రెండూ పోట్లాడుకుంటున్నాయి. పళ్ళు కటకటలాడించుకుంటాయి, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతాయి. మొన్న మోతె వీపు మీద వెంట్రుకలు కొన్ని ఊడి కనిపించాయి. ఇల్లు చిన్నదయిందంటావా?

ఇక్కడ సత్ప్రసాదం విందులకి అందరూ కోడి వండుతున్నారక్కా. ఊరికే రాస్తున్నాను. నువ్వు కోడి తింటావు కదా?

నీ చెల్లెలు
నీల్డా

*

వాయ్లాపంప,
ఆగస్టు 24, 1997

నీల్డా,

తోకలు లేవని మగా ఆడా చూడ్డం మర్చిపోయావా? వెల్లకిలా తిప్పి చూడు. పళ్ళు కటకటలాడించాయంటే రెండూ మగవే. రెండు మగవి ఒక గుమ్మం ఇంట్లో ఇమడవు. ఏం చెయ్యాలో నీకు తెలుసు. బలహీనమైనదాన్ని ముందే కుండలోకి పంపు. డిసెంబరుదాకా ఆగితే రెండూ గాయాలతో చిక్కిపోతాయి. ఒకటే ఉన్నా నాకు చాలు, నేనేమన్నా రాక్షసినా.

కోడి తింటావా అని అడిగావు. నా పెరట్లో పదకొండు కోళ్ళు తిరుగుతున్నాయి. ముప్ఫై గంటలు బస్సులో నడుం విరగ్గొట్టుకుని కోడి తినడానికొస్తానా? మొన్న చర్చి దగ్గర అందరికీ చెప్పాను, మా చెల్లి నా కోసం రెండు కుయ్‌లు మేపుతోందని. ఫాదర్ కూడా విని లొట్టలు వేశాడు.

పేర్లు పెట్టే ఆట ఎక్కువ సాగనివ్వకు.

లంగా కుట్టించాను. బాగా కుదిరింది. నడుం దగ్గర కాస్త బిగువు, బంగాళాదుంపలు తగ్గించాలి.

మీ అక్క
సతుర్నీనా

*

లిమా,
సెప్టెంబరు 14, 1997

అక్కా,

క్షేమం. నువ్వూ క్షేమమనుకుంటున్నాను.

పైగది కప్పు వేయిస్తున్నాం. ఇంటినిండా ఇసుక, సిమెంటు బస్తాలు. డిసెంబరుకి అయ్యేలా లేదు. నిన్ను పడుకోబెట్టడానికి చోటుండదు. ఇంత దూరం వచ్చి నువ్వు ఇబ్బంది పడడం నాకిష్టం లేదు. ఈసారికి గ్లాడిస్ గారు జ్ఞానతల్లిగా నిలబడతానన్నారు. వచ్చే ఏడు తీరిగ్గా వద్దువుగాని.

యేని ముద్దులు పంపింది.

నీల్డా

*

వాయ్లాపంప,
అక్టోబరు 5, 1997

శ్రీమతి నీల్డా గారికి,

మీ ఉత్తరం అందింది. యేని ముద్దులు పంపిందని రాశావు. ఆ పిల్ల ఉత్తరం అడుగున ఎప్పుడూ తన చేత్తో ఒక పువ్వు గీస్తుంది. ఈసారి లేదు. అబద్ధం రాసేటప్పుడు పువ్వు కూడా నువ్వే గీసి ఉండాల్సింది.

చోటు లేదన్నావు. నేనూ నువ్వూ ఒకే గొర్రెతోలు మీద పదేళ్ళు పడుకున్నాం. సిమెంటు బస్తా మీద పడుకోలేనా? నా లంగాలు పొగ వాసన కొడతాయి, నిజమే. టోపీ తియ్యను, స్పానిష్ మాట్లాడితే తడబడతాను, చేత్తో తింటాను. మీ గ్లాడిస్ గారి ముందు నీకు తలవంపులు. ఆ మాట సూటిగా రాసుంటే కనీసం ధైర్యం చేసిందనుకునేదాన్ని.

నీ జుట్టుకి పేలు పడితే తీసింది నేను. నిన్ను వీపున కట్టుకుని గొర్రెలు మేపింది నేను. లెక్క చెప్పడం లేదు. నాకు కోపమొస్తే పాతవన్నీ గుర్తొస్తాయి, అంతే.

నేరేడు రంగు లంగా పెట్టెలో పెట్టేశాను.

సతుర్నీనా

*

లిమా,
అక్టోబరు 19, 1997

అక్కా, మా అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఈసారి ఉల్లిపాయలు లేవు. నీ లంగా వాసనకి సిగ్గుపడేంత దాన్నయితే నన్ను కన్న ఆ కొండలే నన్ను మింగనీ. కప్పూ లేదు, సిమెంటూ లేదు. అన్నీ అబద్ధాలే. ఇప్పుడు నిజం రాస్తాను, తర్వాత నీ ఇష్టం.

నీ ఆగస్టు ఉత్తరం వచ్చినప్పుడు నా చేతులు సబ్బునీళ్ళలో ఉన్నాయి. యేనిని పైకి చదవమన్నాను. "బలహీనమైనదాన్ని ముందే కుండలోకి పంపు" అని చదివి ఆగిపోయింది. "అమ్మా, పెద్దమ్మ వీటిని తినడానికొస్తోందా?" అంది. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "ముందు మొత్తం చదువు" అన్నాను.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. వాటితో కూడా నోటితో మాట్లాడడం మానేసి గుసగుసలే. ఐదో రోజు బడికి వెళ్తూ, ఎవరూ చెయ్యి పెట్టకుండా ఆ గుమ్మానికి చెక్క ఒకటి అడ్డం కట్టి, దానికి రాయి ఆనించి పోయింది. నేను బట్టల అంగడి నుంచి వచ్చేసరికి లోపల ఒకటే రభస. చెక్క తీస్తే మోతె చెవి చిరిగి రక్తం. కనేలా దాన్ని మూలకి తోసి కరిచింది. పారిపోవడానికి చోటు లేదు కదా. పిల్ల వచ్చి చూసి, "నేనే చేశాను" అని గోడకేసి తల కొట్టుకుంది. దాని చేతులు పట్టుకుని ఆపాల్సివచ్చింది. ఇప్పుడు రాత్రీ పగలూ ఒకటి పెట్టెలో, ఇంకొకటి బకెట్లో. రెండూ తిండి తగ్గించాయి. పిల్లా తగ్గించింది.

అవి తినడానికి కాదని నీకు మొదట్లోనే రాయాల్సింది. సిగ్గేసింది. కుయ్ వడ్డించకుండా జ్ఞానతల్లిని కూర్చోబెట్టే ఇల్లు మన వైపు ఎక్కడైనా ఉందా? చెల్లి దొరసాని అయిపోయింది, కుయ్‌ని ఒళ్ళో పెట్టుకుని దువ్వుతోందని నువ్వు ఊరంతా నవ్విస్తావనుకున్నాను. చిన్నప్పుడు నేనూ తిన్నాను, తల కూడా వదలకుండా, వేళ్ళు నాక్కుంటూ. ఇప్పుడు ఆ రెండింటి మొహాలు చూసి నా వల్ల కావడం లేదు. ఇదే నా తలవంపు. నువ్వు కాదు.

నువ్వు రావాలి. నీకేం పెట్టాలో నాకు తెలీదు, కానీ నువ్వు రావాలి. గ్లాడిస్ గారికి అసలేమీ చెప్పలేదు, అదీ అబద్ధమే. నువ్వు రాకపోతే యేని పక్కన ఎవరూ నిలబడరు.

వాటిని ఏం చెయ్యనక్కా? వేరే వేరే ఉంచితే ఒకదాని కోసం ఒకటి అరుస్తున్నాయి. కలిపితే కొట్టుకుంటున్నాయి. గ్లాడిస్ గారి పంజరం తెచ్చుకోనా?

నీ
నీల్డా

(అడుగున పువ్వు గీయమన్నాను. గీయనంది. అందుకే లేదు.)

*

వాయ్లాపంప,
నవంబరు 9, 1997

చిట్టీ,

సమాధుల పండగకి అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాను. రొట్టె, కాస్త మొక్కజొన్న కల్లు పెట్టాను. నీ సంగతి చెప్పాను. ఆవిడేం మాట్లాడలేదు, బతికున్నప్పుడూ అంతేగా.

ముందు ఇల్లు సంగతి. పిల్ల అన్నం తినాలి.

ఆ పెట్టెకి రెండో గుమ్మం కోయమను తెయోఫిలోని. మొదటి గుమ్మానికి ఎదురుగా వద్దు, పక్క గోడకి, చివర మూలలో. ఒకటి తరిమితే ఇంకొకటి ఆగకుండా బయటపడి పోవాలి. అలాంటిదే ఇంకో ఇల్లు కట్టమను, దానికీ రెండు గుమ్మాలు. రెండు ఇళ్ళ మధ్య వంటింట్లో నాలుగు అడుగుల చోటు వాటికి వదిలెయ్యి, చుట్టూ పలకలు అడ్డం పెట్టు. గడ్డి రెండు చోట్ల వెయ్యి, నీళ్ళు రెండు చోట్ల. మొదటి రోజు పాత గడ్డి అంతా తీసేసి రెండింటినీ ఒకేసారి వదులు, ఇది ఎవరి ఇల్లో వాటికి తెలియకూడదు. కటకటలాడతాయి, తరుముకుంటాయి. రక్తం రానంతవరకు చెయ్యి పెట్టకు. పారిపోయే దారి ఉంటే మగవి కూడా సర్దుకుంటాయి. పంజరం మాట మళ్ళీ ఎత్తకు.

ఇది నాకు మొదటే తెలుసు. జూలైలోనే తెలుసు. ఒక్క గుమ్మం పెట్టమని ఎందుకు రాశానంటే, తినే కుయ్‌కి ఒక్క గుమ్మమే పెడతాం. చెయ్యి పెడితే అందాలి.

నువ్వు పేర్లు రాసినప్పుడు కూడా నాకు అర్థమయింది. నేను మొద్దుదాన్ని కాను. అర్థమయ్యాకే కుండ మాట రాశాను. నీ కూతురు చదువుతుందనుకోలేదు, అది నా తప్పు. కానీ రాయడం మాత్రం కావాలనే రాశాను. ఎందుకో చెప్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

నాకు ఎనిమిదేళ్ళు, నీకు రెండు. నీ జుట్టు మొదటిసారి కత్తిరించే పండగ. నీ జ్ఞానతండ్రి బస్సు దిగి నాలుగు గంటలు నడిచొచ్చాడు, రిబ్బను కట్టిన కత్తెర పట్టుకుని. అప్పటికి అరుగు కింద నాకొకటి ఉండేది. గోధుమ రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. దానికి పేరు పెట్టుకున్నాను, ఎవరికీ వినబడకుండా పిలిచేదాన్ని. పిలిస్తే అన్నింటికంటే ముందు గుమ్మం దగ్గరికి వచ్చేది. అమ్మ వంగి చెయ్యి పెట్టింది. ముందున్నది చేతికందింది. నేను పక్కనే గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అది నాదని అమ్మకి తెలుసో తెలీదో నాకు ఇప్పటికీ తెలీదు. నేనూ నోరు విప్పలేదు. పండగ పూట, చుట్టాల ముందు, కుయ్ కోసం ఏడుస్తారా ఎవరైనా?

నీ జ్ఞానతండ్రికి తల వైపు పెట్టారు. నాకు ఒక కాలు వచ్చింది. తిన్నాను. రుచిగా ఉంది. అదే నాకు ఈనాటికీ మింగుడు పడదు.

తర్వాత చెంచా తీసుకుని అరుగు లోపలినుంచి వెనక గోడ తవ్వడం మొదలుపెట్టాను. అమ్మ పొలానికి పోయినప్పుడల్లా కాస్త కాస్త. మట్టి జేబులో వేసుకుని బయట పారబోసేదాన్ని. ఏడాది పట్టింది. అవతల వెలుతురు కనబడిన రోజున మూడు కుయ్‌లు మొక్కజొన్నలోకి పారిపోయాయి. అమ్మ ఎర్రమట్టితో పూడ్చి, నా వీపు విమానం మోత మోగించింది. నువ్వు మడమ ఆనించుకున్న ఎలుక కన్నం అదే.

ఆ తర్వాత నేను దేనికీ పేరు పెట్టలేదు. ముప్ఫై ఐదేళ్ళుగా పెంచుతున్నాను, ఆదివారం సంతలో అమ్ముతున్నాను, కోస్తున్నాను. నా చేతికి ఏమీ అనిపించదు. నీ కూతురు పేర్లు పెట్టిందని చదివితే కోపం వచ్చింది. దానికి ఎవరూ వద్దనలేదు కదా అని కోపం. ఎనిమిదేళ్ళ పిల్లని చూసి అసూయపడ్డాను, ఇంత వయసొచ్చి. బాధ ఇప్పుడే పడితే తర్వాత గట్టిపడుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నేను గట్టిపడ్డాను, నిజమే. దాంతో ఏం బావుకున్నాను?

వస్తున్నాను. పెట్టెలోంచి లంగా తీశాను. నాకేం పెట్టాలా అని బుర్ర పగలగొట్టుకోకు. బంగాళాదుంపలు ఉడకబెట్టు, మిరపకాయ నూరు, జున్ను నేను తెస్తాను. కోడి పెట్టావంటే మాత్రం ఊరుకోను.

మీ అక్క
సతుర్నీనా

యేనికి ఈ ఉత్తరం చదివి వినిపించు. నేను తిన్న సంగతితో సహా. ఏదీ దాచకు.

*

వాయ్లాపంప,
జనవరి 18, 1998

నీల్డా,

ఇల్లు చేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ముప్ఫై గంటలూ తన అల్లుడి గురించే చెప్పింది. దిగేసరికి ఆ అల్లుణ్ణి నేనే వెళ్ళి తన్నాలనిపించింది. ఉత్తరం ఆలస్యమైంది. వచ్చిన దగ్గరినుంచి వానలు, దుంపల చేలో కలుపు. మొక్కజొన్న నడుం దాకా వచ్చింది.

తెయోఫిలో కట్టిన రెండిళ్ళూ బాగున్నాయని నీ ముందు చెప్పలేదు, అతను పొంగిపోతాడని. బాగున్నాయి. గుమ్మాల అంచులు గరగరలాడకుండా గీసిన తీరు నాకు నచ్చింది. గ్లాడిస్ గారు మంచి మనిషే. నా టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంది, తనకే బాగుంది.

లంగా ఉతికాను. మోతె పోసిన మరక పోలేదు. నేరేడు రంగు మీద అంతగా తెలియదులే.

ఆ రోజు సంగతి నువ్వు నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. చర్చి నుంచి వచ్చాక యేని తెల్ల గౌనుతోనే నేల మీద కూర్చుని, మోతెని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "పెద్దమ్మా, నువ్వు దాన్ని తిన్నావట కదా?" అంది. అవతల నువ్వు గిన్నెలు కింద పడేశావు, విన్నాను. తిన్నానే అన్నాను. కాసేపు మోతె చిరిగిన చెవి నిమురుతూ కూర్చుంది. ఇంక నా దగ్గరికి రాదనుకున్నాను. "దాని పేరేంటి?" అంది.

నీల్డా, ముప్ఫై ఐదేళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఉత్తరం చదివి నువ్వు కూడా అడగలేదు. చాస్కా అని చెప్పాను. తెల్లవారుజామున కనబడే చుక్క పేరు, నుదుటి మచ్చ చూసి పెట్టాను. "బాగుంది" అని లేచి వెళ్ళి బంగాళాదుంప ఒలిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఎందుకు పెరట్లోకి వెళ్ళానో నీకు ఇప్పుడు తెలిసింది. మిరపకాయ ఘాటు కాదు.

పోయిన మంగళవారం వాన తెరిపిచ్చింది. గునపం తీసుకుని వంటింటి వెనక్కి వెళ్ళాను. అమ్మ పూడ్చిన ఎర్రమట్టి గట్టిది, చెంచాకి లొంగేది కాదు. నీ మడమ ఆనిన చోట చిన్న గుంట పడి ఉంది. అక్కడే పొడిచాను. పెళ్ళ మొత్తం ఒక్కసారే ఊడి వచ్చింది. అవతల అరుగు కింద ముక్కులు కదిలాయి. అమ్మడం మానేశాననుకోకు, నేనూ బతకాలి. కానీ ఆ పూట అక్కణ్ణుంచి కదల్లేకపోయాను.

ముందు ఒక ముసలిది తల బయట పెట్టి చూసింది. తర్వాత అన్నీ బిలబిలమని మొక్కజొన్నలోకి వెళ్ళిపోయాయి. పంతొమ్మిది. పిలుద్దామంటే ఒక్కదానికీ పేరు లేదు. పొయ్యి రాజేసి, గుమ్మం దగ్గర గడ్డి వేసి, పీట మీద కూర్చున్నాను. పొద్దు వాలేవేళకి ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి, తడిసి, మూతులకి ఆకుపసరుతో. పద్దెనిమిది వచ్చాయి.

పంతొమ్మిదోదాన్ని నేను వెతకలేదు.

మీ అక్క
సతుర్నీనా